ఐవీ ట్రాంటర్ వేసిన రంగు

1933లో లండన్‌లో టెలివిజన్ అంటే అరచేతిలో పట్టేంత తెర, దానిలో వణికే ఓ ముఖం. ఎరుపు రంగు ఆ యంత్రానికి ఆనేది కాదు. అందుకని పాడేవాళ్లకీ ఆడేవాళ్లకీ ముఖం నిండా సున్నం కొట్టినట్టు తెలుపు పూసి, పెదవులకు నీలం వేసి, ముక్కుకు రెండు పక్కలా నల్లగీతలు గీసేవారు. ఎదురుగా చూస్తే దయ్యాలు, తెరలో చూస్తే మనుషులు. ఆ రంగులు వేసే మనిషి ఐవీ ట్రాంటర్. గొప్ప కొలువని వీధంతా కుళ్లుకునేది. కిటికీ లేని స్టూడియో నేలమాళిగలో గంటల తరబడి నిలబడితే తెలిసేది వాళ్లకి!

ఫిబ్రవరిలో ఆమె మొగుడు విల్ఫ్ న్యుమోనియాతో పోయాడు. బస్సు కండక్టరు, నలభై కూడా నిండలేదు. ఐవీకి ఏడుపు రాలేదు. టీ కాచింది, ముందుగది కర్టెన్లు మూసింది, శవపేటికకు చోటు కావాలని బల్ల పక్కకు జరిపింది. మనసు మొద్దుబారిపోయింది, అంతే.

జబ్బు అంటుకుంటుందని పదకొండేళ్ల కూతురు పెగ్గీని మేనత్త మాడ్ ఇంటికి పంపేశారు. ఆ మధ్యాహ్నం పేటిక మూత వేసేముందు ఆ పిల్ల తండ్రిని ఆఖరిసారి చూడాలి. పెగ్గీకి గుర్తుండేది జబ్బు పీల్చేసిన ముఖం కాకూడదని ఐవీ కోరిక. ఆ ఒక్కటే కోరిక. అందుకే తన రంగుల పెట్టె తెరిచింది. ఆపైన చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

పెగ్గీని తీసుకొచ్చిన మాడ్ గుమ్మంలోనే కెవ్వుమంది. "వదినా! నీకేమైనా మతిపోయిందా? మా అన్నయ్యని సర్కస్ బఫూన్‌ని చేశావేంటి!"

"బాగానే ఉన్నాడుగా," అంది ఐవీ.

పెగ్గీ అత్త కోటు వెనక దాక్కుంది. "ఆయన మా నాన్న కాదు."

అప్పుడు చూసింది ఐవీ. సున్నం ముఖం, నీలి పెదవులు, రెండు నల్లగీతలు. మనిషి బతికున్నట్టు కనపడాలంటే ఏం చేయాలో ఆమె చేతులకు ఆ ఒక్కటే తెలుసు.

క్రీము తీసి గుడ్డతో తుడవడం మొదలుపెట్టింది. తెలుపు పోయింది, నలుపు పోయింది. పెదవుల నీలం మాత్రం పోవడం లేదు. కొత్త గుడ్డ తీసి తుడిచింది, మళ్లీ తుడిచింది. మాడ్ గోడకేసి తిరిగి కూర్చుంది.

చివరికి పెగ్గీయే దగ్గరికొచ్చి తల్లి మణికట్టు పట్టుకుంది. "అమ్మా, చాల్లే. రంగు ఎప్పుడో పోయింది."

గుడ్డ వంక చూసింది ఐవీ. ఒక్క మరకా లేకుండా తెల్లగా ఉంది. ఆ నీలం చావుది.

పెగ్గీ వంగి తండ్రి నుదుటిమీద ముద్దు పెట్టింది. "నువ్వూ పెట్టమ్మా. ముద్దు పెట్టినవాళ్ల కలలోకి పోయినవాళ్లు రారంట, అత్త చెప్పింది."

ఐవీ ఉన్నచోటు నుంచి కదల్లేదు.

"ఆయన్ని రానీవే," అంది.