శవాల బండికి ఎర్ర రంగు

రంగు పలచన చేసే థిన్నర్ డబ్బా మూత తీయగానే మా ఆయన ముక్కు మూసుకుని బాల్కనీలోకి వెళ్లిపోతాడు. నేను మాత్రం ఆ వాసన పీలుస్తూ కాసేపు ఊరికే కూర్చుంటాను. కడపలో మా ఇంటి భోజనాల బల్ల మీద కొన్ని నెలలుగా ఒక శవాల బండి తయారవుతోంది. పట్టుమని జానెడు కూడా ఉండదు. నేను పళ్ల సెట్లు చేసే ల్యాబులో పనిచేస్తాను కాబట్టి సన్నటి ఆకురాళ్లు, వంగే తీగలు, అరగదీసే చిన్న మర నా చేతికి అలవాటైనవే. విదేశాల్లో కొందరు పాత శవవాహనాలను కొని పందెం కార్లలా మార్చుకుంటారు. వెనక చక్రాలు పెద్దవి, ముందువి చిన్నవి, బానెట్ తీసేస్తే ఇంజను బయటికి పొడుచుకొచ్చి కనబడుతుంది, పక్కల వెంబడి పొగగొట్టాలు, ఒళ్లంతా మంటల బొమ్మలు. అలాంటిదాన్నే ప్లాస్టిక్ రేకులు కోసి, అతికించి, పళ్లకు చుట్టే తీగతో పొగగొట్టాలు వంచి చేస్తున్నాను. "ఇంట్లో పెట్టుకునే బొమ్మనా ఇది?" అంటాడు మా ఆయన. ఫోనులో మొదటిసారి ఆ బండి ఫోటో చూసినప్పుడు నాకు ఒళ్లు మండింది. అది అచ్చం నేను తొమ్మిదేళ్లప్పుడు జొన్నదంట్లతో చేసిన బండే. నా బండిని తొక్కేశారు. అందుకే మళ్లీ చేస్తున్నాను.

ఈ వాసన మా ఊళ్లో ఏరువాక పున్నమి వాసన. ఆలూరు దాటి లోపలికి పోతే నల్లరేగడి మధ్య మా ఊరు. తొలి వానకు నేల నల్లగా మెత్తబడి చెప్పులకు ముద్దలు ముద్దలుగా అంటుకునే ఆ రోజుల్లో, ఎద్దులను కడిగి, కొమ్ములను గాజుపెంకుతో నున్నగా గీకి, ఎర్ర రంగూ పసుప్పచ్చ రంగూ పూసి, రంగు ఆరేదాకా అవి తల ఎక్కడ రుద్దుకుంటాయోనని పలుపు పట్టుకుని నిలబడేవాళ్లు. లోపల పెనం మీద ఓళిగలు కాలుతుంటే బెల్లం వాసన, బయట కిరసనాయిలు కలిపిన రంగు వాసన, రెండూ కలిసి వాకిట్లోనే తిరుగుతుండేవి. మిగిలిన రంగును మా అవ్వ, అంటే నాయన తల్లి, డబ్బా మూత బిగించి గూట్లో దాచేది, మా బొమ్మబండ్ల కోసం.

బండ్లు చేయడం నాకు నేర్పింది అవ్వే. జొన్న కోతలయ్యాక, చలిగాలికి కళ్లంలో పొట్టు లేచే రోజుల్లో, తెల్లవారుజామున దబదబా రొట్టెలు తట్టి, చెనిక్కాయల పొడితో మాకింత పెట్టి, నోట్లో ఆకువక్క వేసుకుని, ఎండ తగిలే గోడకు ఆనుకుని జొన్నదంట్లు ఒలిచేది. దంటు పైబెరడు ఈనెలా గట్టిగా చీలుతుంది, లోపలి బెండు వెన్నముద్దలా మెత్తగా ఉంటుంది. బెండుకు ఈనె గుచ్చితే మేకుల పనిలేదు. అది మగపిల్లల ఆట అని ఎవరో అంటే, "బండ్లో కూసునేది ఆడోళ్లే గదా, చేస్తే ఏమైతాది?" అని ఈనె నా చేతికిచ్చింది.

నాకు తొమ్మిదేళ్లు వచ్చిన ఏడు చలికాలంలో అవ్వకు జ్వరం వచ్చింది, ఆయాసం వచ్చింది. నాయన సుగ్గికి, మిరపకాయలు కోయడానికి, గుంటూరు దిక్కు పోయి ఉన్నాడు. అమ్మా, చిన్నాయనా, నేనూ అవ్వను టౌను ఆస్పత్రికి తీసుకుపోయాం. రెండో రోజు పొద్దున అవ్వ చనిపోయింది. గేటు లోపల, వేపచెట్టు నీడలో, తెల్లటి శవాల బండి కడిగి పెట్టి ఉంది. డ్రైవరు దాని మెట్టు మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. అమ్మ కొంగు నడుముకు చుట్టుకుని అతని దగ్గరికి పోయింది, వెనకాలే చిన్నాయనా నేనూ.

"బండి ఉండాది గానీ ఇయ్యనీకి కాదమ్మా. పెద్దాయప్పకు పెట్టినాం" అన్నాడతను. పెద్దాయప్ప అంటే ఆ టౌనులో అందరూ లేచి నిలబడే ఇంటి పెద్ద. అదే ఆస్పత్రి పై అంతస్తులో జబ్బుతో పడి ఉన్నాడు.

"ఆయప్ప సచ్చిపోయినాడా?"

"ఇంకా ల్యా."

"మా అత్త సచ్చిపోయింది గదప్పా."

అతను బీడీ ఆర్పి, తల తిప్పుకున్నాడు. బతికి ఉన్న మనిషి చావు కోసం బండి ఎదురుచూస్తోంది, చచ్చిపోయిన మనిషి వరండాలో నేల మీద ఉంది. ఈ లెక్క తొమ్మిదేళ్ల దాన్ని, నాకే అర్థమైంది.

ప్రైవేటు బస్సులో శవాన్ని ఎక్కించుకోరు. అందుకని చిన్నాయన అవ్వను చంటిబిడ్డలా ఎత్తుకొచ్చి, కిటికీ పక్కన కూర్చోబెట్టి, ముఖం మీదికి కొంగు లాగాడు. పక్కన అమ్మ, అమ్మ ఒళ్లో నేను. అమ్మ నా చెవిలో ఒకటే మాట చెప్పింది. "ఏడ్సాకు. నువ్వు ఏడిస్తే దించేస్తారు."

కండక్టరు వచ్చాడు. "ముసలామెకు ఏమైంది?"

"జరమప్పా."

అవ్వకు కూడా టికెట్టు కొట్టాడు. గుంత వచ్చినప్పుడల్లా అవ్వ తల కిటికీ ఊచకు తగిలేది. అమ్మ అడ్డంగా చెయ్యి పెట్టింది, ఊరు వచ్చేదాకా తీయలేదు. ముందు సీటులో ఒకామె వెనక్కి తిరిగి అవ్వ చేతిని చూసింది, నన్ను చూసింది, మళ్లీ ముందుకు తిరిగి కూర్చుంది. మా ఊరి దగ్గర దిగేటప్పుడు ఆమే లేచి వచ్చి, ఎవరూ అడక్కుండానే, అవ్వ కాళ్లు పట్టుకుని దించింది. బస్సు కదిలిపోయి, మేం ఇల్లు చేరాక, వాకిట్లో ఆడవాళ్లంతా నా చుట్టూ చేరి, ఇప్పుడు ఏడువమ్మా అన్నారు. నాకు ఏడుపు రాలేదు. పళ్లు కొరుకుతూ నిలబడ్డాను. పెద్దాయప్ప కోలుకుని సొంత కారులో ఇంటికి పోయాడని నాలుగు రోజులకే చిన్నాయనే సంతలో విని వచ్చి చెప్పాడు.

దినాలు కాకముందే నేను దంట్లు ముందేసుకుని కూర్చున్నాను. పాత రబ్బరు చెప్పు కోసి వెనక్కి పెద్ద చక్రాలు, ముందుకు చిన్నవి పెట్టాను, ఆ వాలుకు బండి నిలబడి ఉన్నా పరుగెత్తుతున్నట్టే ఉండాలని. ఖాళీ బ్యాటరీలు పైకి కనబడేట్టు కట్టి ఇంజను అన్నాను. బస్సు కంటే, పెద్దాయప్ప కారు కంటే చప్పుడు చేసే ఇంజను. గూట్లో గడ్డకట్టిన కొమ్ముల రంగును కిరసనాయిలుతో కరిగించి ఎర్రగా పూశాను. ఇదేం బండి అని పిల్లలు అడిగితే, "శవాల బండి. ఎవురు ముందు సస్తే వాళ్లకే" అని చెప్పాను.

చిన్నాయన ఆ మాట విన్నాడు. "ఇంట్లో ఇంకొకర్ని పిలుస్తాండావా?" అని బండిని కాలికింద వేసి తొక్కాడు. రంగు ఇంకా ఆరలేదు, అతని మడమంతా ఎర్రనైంది. నేను అతని చెయ్యి కొరికాను. నెత్తురు వచ్చింది. భయంతో చేశాడని ఇప్పుడు తెలుసు. కానీ ఆ రోజు మా ఇంటి మగవాడిగా తన కోపమంతా ఆ బెండు బండి మీదనే చూపించాడు, వేపచెట్టు కింద నిలబడ్డప్పుడు మాత్రం నోరు మెదపలేదు. అది నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇప్పుడు మా ఊళ్లో జొన్న లేదు, అంతా పత్తీ మిరపే. ట్రాక్టరుకు కొమ్ములుండవు. దంటు ఒలవడం తెలిసిన పిల్ల ఒక్కతీ లేదు. శవాల బండ్లు మాత్రం వచ్చాయి, వాటి మీద నాయకుల ముఖాలు నవ్వుతూ వచ్చాయి. చావు ఇంటి ముందుకు నవ్వే ముఖాన్ని పంపడానికి ఎవరికీ సిగ్గనిపించలేదు.

పోయిన నెల అమ్మ వచ్చింది. బల్ల మీది బండిని అటూ ఇటూ తిప్పి చూసింది. లోపల నేను దారాలతో అల్లిన బొంత మీద వేలు పెట్టింది.

"పండుకునేదానికి బాగుండాది. పక్కన కూసునేదానికి జాగా యాడ పెట్టినావు?"

"పెట్టల్యామ్మా."

"ఏడ్సేటోళ్లు నిలబడి ఏడ్సల్లనా?"

ఆ సాయంత్రమే పక్క తలుపు కోసి, ఇద్దరు కూర్చునే బల్ల అమర్చడం మొదలుపెట్టాను. జిగురు ఆరేదాకా అమ్మ దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని ఉంది. అలా పట్టుకునే, మొదట గొణుగుతూ, తర్వాత గట్టిగా తిట్టడం మొదలుపెట్టింది. పెద్దాయప్పను, ఆయన ఇంటిని, ఆ తెల్ల బండిని, దాని చక్రాలను, ఒక్కొక్కదాన్ని వేరువేరుగా. ఇన్నేళ్లలో ఆ రోజు గురించి అమ్మ నోట ఒక్క మాట రాలేదు. నోట్లో మన్ను పడనూ, పాడె మోసేవాడు దొరకక పోనూ అని మా ఊరి ఆడవాళ్లు వీధిలో నిలబడి తిట్టే ఆ పాత తిట్లు విని ఎన్నేళ్లయిందో. అలా తిట్టే మనుషులే మిగల్లేదు. పక్క ఫ్లాటు వాళ్లకు వినబడుతుందని మా ఆయన లేచి కిటికీ మూయబోయాడు.

"మూయొద్దు" అన్నాను.