వెంట్రుకంత వదులు

మొన్న మా రేకుల షెడ్డులోని లేత్ మిషన్‌ను పాత ఇనుము కొనేవాళ్లు తీసుకుపోతుంటే, దాని సొరుగులోంచి నూనెగుడ్డలో చుట్టిన రీమర్ జారి నా కాళ్ల దగ్గర పడింది. డ్రిల్లు వేసిన రంధ్రం గరుకుగా, ఒకింత వంకరగా ఉంటుంది. పదునైన అంచులున్న ఈ కడ్డీని అందులో నూనె పోస్తూ, ఎప్పుడూ ఒకే వైపుకు, మెల్లగా తిప్పితే అది నునుపై సరైన కొలతకు వస్తుంది. ఒకప్పుడు నా చేతికి గాజులెంత అలవాటో ఇదీ అంతే అలవాటు. మొన్న మాత్రం దాన్ని ముట్టుకోవడానికి నాకు భయమేసింది.

ఆర్మూర్‌లో మా ఇంటి ముందరి షెడ్డులోనే మా ఆయన లేత్ నడిపేవారు. వంటయ్యాక వెళ్లి నిలబడి, చూసి చూసి నేనూ పని నేర్చుకున్నాను. రంధ్రంలో పిన్ను వదిలితే దభాలున జారకూడదు, ఆగిపోనూ కూడదు, తన బరువుకు తానే మెల్లగా దిగాలి. నేను చేసినవాటిలో అట్లాగే దిగేది. పసుపు పాలిష్ డ్రమ్ములకు ఇరుసు తిరిగే బుష్షులు చేయించుకునే రైతులు అక్కతోనే తిప్పించమని అడిగేవారు. నాకు పొగరెక్కిందంటే ఎక్కదూ మరి!

పసుపును కడాయిల్లో ఉడికించే రోజులు పోయి ఆవిరి బాయిలర్లు వచ్చిన కొత్తది అది. నందిపేట్ దగ్గర పసుపు పండించే మా అన్న ఒక పాత బాయిలర్ కొన్నాడు. లోపల ఆవిరి ఎక్కువైతే దానంతటదే లేచి బయటికి వదిలే వాల్వు అరిగిపోయి బుస్సుబుస్సున కారుతోందని మా దగ్గరికి తెచ్చాడు. మా ఆయన వాల్వుకు కొత్త ఇత్తడి కడ్డీని లేత్ మీద చేసిపెట్టి, అది కదలాడే ఇనుప రంధ్రం మాత్రం నిజామాబాద్ నుంచి వచ్చాక తానే చేస్తానని చెప్పి వెళ్లారు. అన్నకేమో తవ్విన పసుపు కుప్పలుగా ఉంది, ఆకాశం మబ్బు పట్టి ఉంది.

"నువ్వే జర తిప్పియ్యి చెల్లె, నీ చెయ్యి ఎవలకస్తది?" అన్నాడు.

ఆ ఒక్క మాటకు ఉబ్బిపోయాను. అంత ముద్దుగా కుదిరిన రంధ్రం నా జన్మలో చేయలేదు. కడ్డీ నూనె మీద జారినట్టు దిగింది. అన్న మురిసిపోయి వాల్వును తువ్వాలులో చుట్టుకుని పోయాడు.

మర్నాడు పొద్దెక్కాక వంటింట్లో ఒకదానిలో ఒకటి ఇరుక్కున్న రెండు గ్లాసులను విడదీయాలని లోపలి దాంట్లో వేడినీళ్లు పోశాను. మా అత్తమ్మ చూసి కసిరింది.

"ఓ పిల్లా, నీకేమన్న తెలివుందా? లోపటిది ఉడుకైతే ఉబ్బి ఇంకింత పట్టేస్తది గదనే!"

చెంబు అక్కడే వదిలేశాను, అన్న వాల్వు గుర్తొచ్చింది. బాయిలర్ వేడికి ఇనుము కంటే ఇత్తడి ఎక్కువ ఉబ్బుతుంది. అన్నీ చల్లగా ఉన్నప్పుడు అంత బిగుతుగా కుదిరిన కడ్డీ, ఆవిరి తగిలితే లేవనే లేవదు. వెంట్రుకంత వదులు ఉంచాల్సింది, అందుకే కదా ఆయన తానే చేస్తానన్నారు! అన్నకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. దొరికిన ఆటో ఎక్కాను, దారి పొడుగునా మబ్బు నా వెంటే వచ్చింది.

కళ్లం దగ్గరికి వెళ్లేసరికి పసుపు ఉడికే డ్రమ్ములు మార్చడానికి ఆవిరి మూసి ఉంచారు. అట్లాంటప్పుడు లోపల ఆవిరి ఎక్కువై వాల్వు కేకలు పెట్టాలి. చడీ చప్పుడూ లేదు. కూలీ ఆడవాళ్లు ఆ ఇనుప కడుపుకు ఆనుకునేటంత దగ్గర నిలబడి నవ్వుకుంటున్నారు.

"సూసినవా చెల్లె, సుక్క ఆవిరి కారుతలేదు," అన్నాడు అన్న, మెచ్చుకుంటూ.

నేను అరిచిన అరుపేమిటో నాకే గుర్తులేదు. వాల్వు పట్టేసిందన్నది మాత్రం అన్నకు అర్థమైంది. అందరినీ దూరం తరిమి, తానొక్కడే పొయ్యిలోని మండే కట్టెలు లాగేసి, ఆవిరి వదలడానికి గొట్టం మీది మర తిప్పాడు. గొట్టం అతుకు పగిలి ఆవిరి చిమ్మింది. మోచేతి నుంచి మణికట్టు దాకా కుడిచేతి తోలు ఊడివచ్చింది.

దవాఖానాలో ప్రాణం దక్కింది. పాత బాయిలర్ కదా అని ఊరంతా అనుకున్నారు. మా ఆయన వాల్వు చూద్దామని వెళితే అది దొరకలేదు. నేను బిగుతుగా చేసిన రంధ్రం వల్లేనని నోరు విప్పలేదు. రాఖీ పున్నానికి ఆ కాలిన మణికట్టు పట్టుకునే ధైర్యం లేక, ఒక ఏడు జ్వరమని, ఒక ఏడు పనులని, రాఖీని ఎవరిచేతో పంపుతూ వచ్చాను. అట్లా పదిహేనేళ్లు!

చివరికి ఉండబట్టలేక వెళ్లి, అన్న ముందు కూర్చుని అంతా చెప్పి ఏడ్చాను. అన్న నా వైపు చూడకుండా చెప్పాడు:

"గది నాకెరుకనే చెల్లె. వాల్వును ఎడమ చేత్తోని పీకి సూసిన. పట్టేసి ఉండె. గోదార్ల ఇసిరేసిన. నీ చెయ్యి ఖరాబని పేరస్తె ఎవలు పనిస్తరు నీకు?"

ఇప్పుడు మన ఆర్మూర్‌లో కూడా కంప్యూటరు చెప్పిన కొలతకు రంధ్రాలు పడుతున్నాయి, చేయి తప్పుతుందన్న భయం లేదు. మంచిదే. కానీ తన చేయి కాలినా ఎదుటివాడి తప్పును దాచిపెట్టి, ఎప్పుడొస్తుందోనని పదిహేను పున్నాలు గడప వైపు చూసే మనుషులు మన తరంతోనే పోతున్నారేమో అనిపిస్తుంది. అన్నకు అంతా చెప్పిన ఆ ఏడు నా చేత్తో రాఖీ కట్టాను. మరుసటి ఏడు కట్టడానికి అన్న లేడు.