దవాఖాన మెట్ల మీద కొబ్బరికాయ

2011లో ఎల్లారెడ్డి దవాఖానలో నాకు క్షయ అని తేలింది. అప్పటికి నాకు అరవై ఆరేళ్ళు. బడి మొహం చూడకుండా, భజన పుస్తకం పట్టుకునే చదువు నేర్చుకున్నవాణ్ణి. ఒక శనివారం హనుమాన్ గుడిలో కొబ్బరిముక్క ఇవ్వబోతే, ముప్పై ఏళ్ళు భజనలో నా పక్కన కూర్చుని తాళం వేసిన మల్లయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నీ రోగం తగ్గినంక తింట తియ్" అన్నాడు, అందరి ముందూ.

దగ్గుకన్నా ఆ మాటే ఎక్కువ బాధపెట్టింది. ఆ రోజే స్వామి ముందు దీక్ష పట్టాను, ఆరు నెలలు ఒక్క గోలీ కూడా మాననని. పొద్దున్నే స్నానం, దీపం, ఆ తర్వాత గోలీలు. వాంతులైనా మానలేదు. రెండు నెలలకే దగ్గు తగ్గింది. "మంచిగనే ఉన్నవ్ గద, ఇంకేం మందులయ్యా" అని మా ఇంటామె అన్నా వినలేదు.

చివరి పరీక్షలో రోగం లేదన్న రోజు దవాఖాన మెట్ల మీదే కాయ కొట్టాను. నర్సు పరుగున వచ్చింది.

"ఏంది బాపు, ఇది గుడి అనుకున్నవా?"

"నా దీక్ష గిక్కడనే ముగిసింది బిడ్డా. తింటవా?"

ఆమె నవ్వి, ముక్క తీసుకుని నా ముందే నమిలింది.

తర్వాతి శనివారం మల్లయ్యకు అందరికన్నా పెద్ద ముక్క పెట్టాను. అందరి ముందే తిన్నాడు. ధైర్యమిచ్చింది స్వామే. గోలీలు మింగింది మాత్రం నేను.