గిర్నిలో డబ్బా, సర్వర్‌లో జవాబుపత్రం

కొత్త మిషన్ కొన్నందుకే సర్వర్ బాగుపడిందని మా ఆఫీసులో ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుకే ఇది రాసిపెడుతున్నాను. మిషన్ కొన్నది నిజమే. కానీ సర్వర్ బాగుపడింది అంతకు ముందే, పాత మిషన్ మీదే.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో పనిచేస్తాను. కంప్యూటర్ డిగ్రీ లేదు. నా చదువంతా ఎల్బీనగర్‌లో మా ఇంటి దగ్గరి లైబ్రరీలో జరిగింది. ఆదివారం మోడల్ పరీక్ష ముగియగానే పిల్లలందరూ జవాబుపత్రాల ఫొటోలు మా సర్వర్‌కు ఒకేసారి పంపేవారు. ఒక్కో ఫొటో డిస్కులోకి ఎక్కేదాకా సర్వర్‌లోని ప్రోగ్రాం చేతులు కట్టుకుని నిలబడేది. వెనక మిగతా అందరూ ఆగిపోయేవారు.

"ఈ ఆదివారం గూడ ఆగితే బయటి కంపెనీకిస్త. నువ్వు ఆఫీసు ఫైళ్లు చూస్కో," అన్నారు సెంటర్ నడిపే సారు.

దారి లైబ్రరీ పుస్తకంలోనే దొరికింది. రాసే పని డిస్కుకు అప్పగించి, నిలబడకుండా తర్వాతి పనికి వెళ్లాలి. పూర్తయ్యాక సిస్టమే కబురు చేస్తుంది. ప్రోగ్రాం అలాగే మార్చాను. శనివారం పొద్దున ఒక తరగతితో ట్రయల్ పెడితే క్షణాల్లో అయిపోయింది. నేను మీసం తిప్పేలోపే ఒక అమ్మాయి ఫోన్ పట్టుకొచ్చింది.

"సార్, పేరు నాదే. గీ రాత నాది గాదు. నేనింత మంచిగ రాయ."

సారు నవ్వలేదు. "జల్ది అయితే అయింది గానీ, ఒకల పేపర్ ఇంకొకలకు పంచుతున్నవేందయ్యా?"

సాయంత్రమైనా తప్పు దొరకలేదు. ఇంట్లో పిండి అయిపోయిందంటే కొత్తపేటలోని పిండి గిర్నికి వెళ్లాను. అక్కడ గోధుమల డబ్బా వరుసలో పెట్టేసి, రైతుబజారుకు వెళ్లి రావడం అందరికీ అలవాటే. పిండి పట్టాక గిర్ని ఆయన కేకేస్తాడు. నా ముందున్నామె బజారు నుంచి బియ్యం కూడా తెచ్చి, వరుసలో ఉన్న తన గోధుమల డబ్బా మూత తీసి అందులోనే పోయబోయింది.

"ఆగాగు అక్కా! గది ఇంక పట్టలే. నేను పిల్సేదాక ముట్టకు."

"నా డబ్బ నేను ముట్టొద్దా?"

"పిల్సినంక నీది. అందాక నాది. గోధుమలల్ల బియ్యం కలిపి ఏం చేస్కుంటవ్, రొట్టెనా, ఇడ్లీనా?"

నేను చేసిందీ అదే. డిస్కుకు అప్పగించిన ఫొటో ఉన్న మెమరీలోనే, కబురు రాకముందే, తర్వాతివాళ్ల ఫొటో పోశాను. డిస్కు ఆ అమ్మాయి పేరు మీద వేరే వాళ్ల పత్రం రాసింది. ఇంటికెళ్లి చూస్తే, కబురు వచ్చేదాకా ఆ మెమరీని ముట్టొద్దన్న హెచ్చరిక నా నోటుబుక్కులో, పుస్తకం చూసి నేను రాసుకున్నదే, ఎర్ర సిరాతో ఉంది. అప్పుడే కూర్చుని ప్రతి ఫొటోకూ వేరే చోటిచ్చాను. కబురు వచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టకుండా కట్టడి చేశాను.

ఆదివారం ఒక్క పత్రమూ ఆగలేదు, ఒక్కటీ మారలేదు.

"ఫైళ్లు వేరేటోళ్లు చూస్తరు తియ్," అన్నారు సారు. "సర్వర్ నువ్వే చూస్కో."

పుస్తకం గడువు మూడుసార్లు పొడిగించిన లైబ్రరీ మేడమ్‌కూ, గిర్ని ఆయనకూ కృతజ్ఞతలు. తన రాత తాను గుర్తుపట్టిన ఆ అమ్మాయికి ఇంకా ఎక్కువ. ఆమె పేరు రాయను. అసలు పేపర్‌కు ఎన్ని మార్కులొచ్చాయో ఎవరికీ చెప్పనని మాటిచ్చాను.