పసుపు కుంకుమ చేలో గోల్ఫు

గరికని చూస్తే మా వైపు రైతుకి ఒళ్ళు మండుతుంది. ఒక్క వేరు మిగిలినా వానలు పడేసరికి చేనంతా అల్లుకుపోతుంది. అలాంటి గరికని ఏరికోరి నాటి, బోరు నీళ్ళు పెట్టి, మీద చెత్త పడితే చేత్తో ఏరిన రైతు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో బహుశా నేనొక్కణ్ణే. గోల్ఫు బంతి సాఫీగా దొర్లాలంటే ఆ గడ్డే కావాలి మరి.

ఈ పిచ్చి నాకు నడివయసులో పట్టింది. అమరావతి రోడ్డు మీది మా ఊళ్ళో మిరప, పత్తి వేసుకుంటూ చిన్న విత్తనాల కొట్టు నడుపుకునేవాణ్ణి. డీలర్ల మీటింగుకని హైదరాబాదు వెళితే, సాయంత్రం సరదాకి మమ్మల్ని గోల్ఫు మైదానానికి తీసుకెళ్ళారు. ఎవరో కర్ర చేతికిచ్చి కొట్టమన్నారు. మొదట గాలిని కొట్టాను, తర్వాత నేలని కొట్టాను. ఆ తర్వాత 'టక్'మని చిన్న చప్పుడైంది. చేతులకి బరువే తెలియలేదు, బంతి మాత్రం ఎక్కడికో వెళ్ళిపోయింది. ఆ చప్పుడు మళ్ళీ వినాలనే ఇన్నేళ్ళుగా ఆడుతున్నాను. ఎప్పుడో ఒకసారి వినపడుతుంది. మిగతాదంతా దాని కోసం పడే పాట్లు.

ఎవరో వాడి వదిలేసిన కర్రలు కొనుక్కొచ్చి, పత్తికట్టె పీకేసిన చేలల్లో కొట్టేవాణ్ణి. పక్క చేను రైతు గట్టు మీద నిలబడి, "ఏరా, పామేమన్నా దూరిందా?" అని అరిచేవాడు. పత్తి పగిలిన చేలో బంతి పడితే అంతే సంగతులు, తెల్లదాంట్లో తెల్లది ఏం కనపడుతుంది? పత్తి తీసే ఆడవాళ్ళకి దొరికితే, "మీ కోడి మా సాలులో గుడ్డు పెట్టిందండీ," అని తెచ్చిచ్చేవాళ్ళు.

మా ఆవిడదీ మా ఊరే. పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన అర ఎకరం నల్లరేగడి ఆమె పేరున ఉంది. ఏటా అందులో మిరప వేసేది. అక్కచెల్లెళ్ళందరికీ కారం ఆ కాయతోనే కొట్టించి పంపేది. అది మా బోరు పక్కనే ఉండటం నా అదృష్టం, ఆమె ఖర్మ. ఓ మూల గరిక నాటి, మధ్యలో గుంట తవ్వి, బంతిని దొర్లించడం మొదలుపెట్టాను. ఆ మూల కాస్తా చూస్తుండగానే సగం చేనైంది. ఆమె చాలాకాలం ఏమీ అనలేదు. ఆదివారం నేను టీవీలో గోల్ఫు చూస్తుంటే పక్కన కూర్చుని చిక్కుళ్ళకి ఈనెలు తీసేది. "ఇంతమంది ఉండి ఒక్కళ్ళూ అరవరేంటండీ, ఎవరన్నా పోయారా?" అని అడిగి, నా మొహం చూసి నవ్వేది.

ఓ వేసవిలో బోరు సన్నగిల్లి, నా ముద్దుల గడ్డి కింద నేల నెర్రెలిచ్చింది. అప్పుడంది, "ఈసారి చేనంతా మిరపే వేస్తానండీ." నేను గొణిగాను. "అయితే మీ ఆటే ఆడదాం. నేను గెలిస్తే మిరప. మీరు గెలిస్తే చేనంతా మీ గడ్డికే, ఇక నోరెత్తను," అంది.

ఎన్నడూ కర్ర పట్టని మనిషితో పందెం! లోలోపల ఎగిరి గంతేశాను.

తెల్లారాక చేలోకి వెళ్ళాం. గట్టు దగ్గర్నుంచి ఎవరు తక్కువ దెబ్బల్లో బంతిని గుంటలో వేస్తే వాళ్ళది గెలుపు. ఆమె కొంగు బిగించి, కర్రని పొరక పట్టుకున్నట్టు పట్టుకుంది. నాలుగు దెబ్బల్లో వేసేసింది! నాకు చెమటలు పట్టాయి. నా మొదటి దెబ్బ గుంట దాటిపోయింది. రెండోది గుంట పక్కనే ఉన్న నెర్రెలోకి జారి మాయమైంది.

నెర్రెలో పడితే బంతిని తీసి పక్కన పెట్టుకోవచ్చు, అందుకు అదనపు దెబ్బ లెక్కలోకి రాదు. ఈ నేల కోసం నేనే పెట్టుకున్న రూలు అది. కానీ ఆ పూట నా నోటితో నేను చెప్పుకోవడానికి మొహం చెల్లలేదు. నేను నోరు మూసుకుంటే చేను ఆమెదే.

"అట్టా నిలబడ్డారేంటండీ? నెర్రెలో పడితే తీసి పెట్టుకోవచ్చని మీరేగా చెప్పారు?" అంటూ తనే వంగి, మోచేతి దాకా చెయ్యి పెట్టి, బంతి తీసి గుంట పక్కన పెట్టింది.

మూడో దెబ్బకి పడింది. గెలిచాను.

టీవీలో ఆట ముగియగానే ఓడినవాడు వచ్చి గెలిచినవాడికి చెయ్యి అందిస్తాడు. ఆమె ఈనెలు తీస్తూనే అదీ చూసిందన్నమాట. మట్టి చెయ్యి కొంగుకి తుడుచుకుని నా ముందుకి చాచింది. మా ఇళ్ళల్లో మొగుడూ పెళ్ళాలు షేక్‌హాండ్‌లు ఇచ్చుకోరు. పెళ్ళయి ఇన్నేళ్ళలో మేమూ ఇచ్చుకోలేదు. పట్టుకున్నాను. ఏళ్ళ తరబడి కాయ కోసి గరుకెక్కిన చెయ్యి అది.

"బాగా ఆడారండీ," అంది. ఎత్తిపొడుపేమో అని చూశాను. కాదు, మనస్ఫూర్తిగానే అంది. నాకన్నా ఆమెకే ఈ ఆట బాగా వచ్చు. ఆమె మీద ఎంత ప్రేమ పొంగుకొచ్చిందో, నా మీద నాకు అంత సిగ్గేసింది.

"మిరప నారు ఎప్పుడు పోద్దాం?" అన్నాను.

"గెలిచింది మీరుగా?"

"గెలిచాను కాబట్టే అడుగుతున్నా."

ఆమె నా చేతిలోంచి చెయ్యి వెనక్కి తీసుకోలేదు.