మరిడమ్మత్త జాజు

మరిడమ్మత్త చేతులు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. నరసాపురంలో మా రేవువాడ నుంచి షావుకార్ల వీధి దాకా అరుగులకు జాజు పూసేది ఆవిడే. ఆ ఎర్రమట్టి మెట్ట నుంచి పడవల్లో వచ్చేది. సున్నానికి గుల్లలు తనే ఏరి కాల్చుకునేది. జాజు ఆరాక వేళ్లు సున్నంలో ముంచి, ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క ఊపున తెల్లచారలు లాగేది.

మగవాడు పోయిన ఇంట్లో అరుగుకు జాజు పూయకపోవడం మా వాడ ఆచారం. పేడతో అలికి వదిలేస్తారు. చూసినవాళ్లు అడగకుండానే తెలుసుకుంటారు.

అత్త మొగుడు గంగయ్య మామ చేపల వేటకు వెళ్లిన పడవ గాలివానలో తిరిగి రాలేదు. చెక్కముక్క కూడా దొరకలేదు. ఏడాది చూసి, కులపెద్ద బుల్లియ్య వచ్చి ఇక జాజు మానెయ్యమన్నాడు. అత్త మాత్రం తన అరుగుకు ఆ శుక్రవారం మరింత చిక్కగా పూసింది.

నాకప్పుడు ఇరవై ఏళ్లు. పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చినవాణ్ని. వాడ ఆచారాలంటే కోపం, పెద్దలంటే కోపం.

"మట్టికి మామ సంగతి ఏం తెలుసత్తా?" అన్నాను.

"ఇంత చదివావు కదా, మీ మామ పోయాడని ఎక్కడైనా రాసుందేంట్రా?" అంది, తలెత్తకుండా.

మాఘంలో షావుకారు భార్య అన్నపూర్ణమ్మగారి కూతురి పెళ్లి వచ్చింది. పెళ్లింటి అరుగు ముత్తైదువే పూయాలి, మరిడమ్మ వద్దని ఆవిడ ఆడబిడ్డ సుబ్బాయమ్మగారు పట్టుబట్టారు. ఆ ఇల్లు వద్దంటే వీధంతా వద్దంటుంది. కూలి పోవడం అటుంచి, మామ పోయాడని ఊరంతా ఒప్పుకున్నట్టే.

తేల్చుకుందామని ఇద్దరూ మా వాడకు వచ్చారు. అత్త అరుగు తడి ఆరని జాజుతో ఉంది. అన్నపూర్ణమ్మగారు కాసేపు చూసి, బుల్లియ్యను పిలిచి మీ ఆచారం ఏంటని అడిగారు. మగవాడు పోయిన ఇంటి అరుగుకు జాజు పూయరని అతను నిజమే చెప్పాడు.

"విన్నారుగా వదినగారూ. ఈ ఇంట్లో మగవాడున్నాడని అరుగే చెబుతోంది. ఇంక మనం అడిగేదేముందండి?" అన్నారు అన్నపూర్ణమ్మగారు ఆడబిడ్డతో.

బుల్లియ్య తువ్వాలు భుజాన వేసుకుని రేవు వైపు వెళ్లిపోయాడు.

"గురువారం పొద్దున్నే వచ్చెయ్ మరిడమ్మా. చారలు వంకర పోకూడదు."

"నా చార ఎప్పుడు వంకర పోయిందండి?" అంది అత్త.

అయిదేళ్లయింది. మామ రాలేదు. ఈమధ్య అత్తకు చెయ్యి పైకి లేవడం లేదు. శుక్రవారం శుక్రవారం ఆవిడ అరుగు నేనే పూస్తున్నాను. పక్కన కూర్చుని, మీ మామ వచ్చి ఈ వంకర చారలు చూస్తే ఇల్లు గుర్తుపడతాడా అని తిడుతుంది. చెరిపి మళ్లీ గీస్తాను.