నూట ఎనిమిది నొక్కితే క్యాంటీన్

గ్యాస్ బావుల కాంట్రాక్టు పనులు చూసే మా ఆఫీసులోకి సెల్‌ఫోన్ రానివ్వరు. గేటు దగ్గర ఇచ్చేసి లోపలికి వెళ్లాలి. ఆ రోజు మూడేళ్ల మా పాపకు కొంచెం జ్వరం. ఇంట్లో చూసేవాళ్లు లేక వెంట తీసుకెళ్లాను. మధ్యాహ్నం నా కుర్చీ పక్కన ఆడుకుంటున్నదల్లా ఒళ్లు బిగుసుకుని కళ్లు తేలేసింది. టేబుల్ మీది ఫోన్ ఎత్తి 108 నొక్కాను.

“ఆయ్, క్యాంటీనండీ. టీలెన్నండీ?”

“అంబులెన్స్ కావాలండీ! పాపకి ఫిట్స్!”

“అయ్యో మేడంగారూ, ఇది లోపలి నంబరండీ. బయటికైతే ముందు సున్నా కొట్టాలండీ.”

సున్నా కొడితే, కోడ్ నొక్కమంది ఫోన్. కోడ్ తెలిసిన మేనేజరుగారు భోజనానికి వెళ్లారు. చివరికి ఆ క్యాంటీన్ ఆయనే గేటు దాకా పరుగెత్తి, తన సెల్ తీసుకుని అంబులెన్సును పిలిచాడు. పాప దక్కింది.

రెండు రోజుల తర్వాత, 108 నేరుగా బయటికి కలిసేలా చేయించమని మేనేజరుగారిని అడిగాను.

“చదువుకున్నవారు, సున్నా సంగతి తెలీదాండీ? అయినా పిల్లని ఆఫీసుకి ఎవరు తెమ్మన్నారమ్మా?”

పాపను తెచ్చినందుకు మెమో చేతికిచ్చారు. సంతకం పెట్టాను. అక్కడ సరిచేయాల్సింది నన్నేనని తేల్చుకున్నారు కాబట్టి ఫోన్లను ఎవరూ ముట్టుకోలేదు.